పచ్చబొట్టు పొడిపించుకునే ముందు

(విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులతో ఒక టాటూ ఆర్టిస్ట్ మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు మీ ప్రిన్సిపాల్ గారు ఒక షరతు పెట్టారు. "పిల్లల్ని టాటూ వేయించుకోమని మాత్రం చెప్పకండమ్మా" అన్నారు. చెప్పను. వద్దని కూడా చెప్పను, నా పొట్ట నేనే కొట్టుకోలేను కదా. (నవ్వులు) ఎలాగూ మీలో కొందరు వేయించుకుంటారు. ఇక్కణ్ణుంచి చూస్తుంటే ఇప్పటికే నలుగురైదుగురి చొక్కా చేతుల కింద నుంచి ఏదో తొంగి చూస్తోంది. మిగతావాళ్ళ ఫోన్లలో డిజైన్లు సేవ్ అయ్యి ఉంటాయి. నేను మాట్లాడేది ఆ సేవ్ చేసుకున్న బొమ్మ గురించి.

మాది విజయనగరం జిల్లాలో పల్లెటూరు. మా నాయనమ్మకి ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. ఒక తేలు, దాని చుట్టూ చుక్కలు. గడ్డం మీద ఇంకో చుక్క. పదేళ్ళప్పుడు పొడిచారట. ఊళ్ళోకి పచ్చబొట్లు పొడిచే ఆవిడ వస్తే అరుగు మీద కూర్చోబెట్టి, ఇద్దరు మేనత్తలు కదలకుండా పట్టుకున్నారట. మూడు సూదులు దారంతో కలిపి కట్టి, దీపం మసిని ఆకుపసరులో కలిపి పొడిచింది. పొడుస్తున్నంతసేపూ ఏదో పాట పాడుతూనే ఉందట, పిల్ల ఏడుపు వినపడకుండా. కూలి కింద చేటెడు బియ్యం, ఒక పాత చీర. "చచ్చాక మనతో వచ్చేది ఇదొక్కటేనే" అనేది నాయనమ్మ. బంగారం కోడళ్ళు తీసేసుకుంటారని ఆవిడ బాధ.

డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా ఆ తేలు తేలులాగే ఉంది. కొండీ ఉంది, కాళ్ళూ లెక్కపెట్టొచ్చు. నా దగ్గరికి మాత్రం నాలుగేళ్ళ కిందట వేయించుకున్న టాటూ పట్టుకుని వస్తారు. "మేడం, ఇది సింహం" అంటారు. నాకు తడిసిన గొర్రె కనపడుతుంది. (నవ్వులు) మిషన్ వచ్చింది, రంగులు వచ్చాయి, ఏసీ రూము వచ్చింది. అరుగు మీద మూడు సూదులతో పొడిచిన తేలు నిలబడింది, సింహం నిలబడలేదు. ఎందుకంటారు?

మన పైచర్మం ఇంచుమించు నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తుంటుంది. ఇంకు అక్కడుంటే దాంతోపాటే పోతుంది. అందుకని దాని కింది పొరలోకి, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల లోతుకి దింపుతాం. ఒంట్లో కాపలా కణాలుంటాయి. పరాయి వస్తువు వచ్చిందని అవి ఆ ఇంకుని మింగేస్తాయి, మింగి అరిగించుకోలేక అక్కడే కూర్చుంటాయి. మీరు టాటూ అని చూసుకునేది చాలావరకు ఈ అజీర్తినే. ఆ కణం చచ్చిపోతే ఇంకు బయటపడుతుంది, పక్కనున్న ఇంకో కణం దాన్ని మింగుతుంది. 2018లో ఫ్రాన్సులో శాస్త్రవేత్తలు ఎలుకల తోకల మీద టాటూ వేసి మరీ దీన్ని చూపించారు. ఇలా చేతులు మారుతూ, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకు అటూ ఇటూ ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. ఈరోజు అర మిల్లీమీటరున్న గీత పదేళ్ళకి లావెక్కుతుంది. ఎంత గొప్ప ఆర్టిస్ట్ వేసినా లావెక్కుతుంది.

ఇప్పుడు నాయనమ్మ తేలు దగ్గరికి రండి. ఆ మూడు సూదులతో సన్నటి పని చేయడం కుదరదు. ఒక్కో చుక్కా జొన్నగింజంత. రెండు చుక్కల మధ్య ఇంకో చుక్క పట్టేంత ఖాళీ. డెబ్భై ఏళ్ళలో చుక్కలు లావెక్కాయి, కానీ ఒకదాన్నొకటి తాకలేదు. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం దొరికింది, 5300 ఏళ్ళ నాటిది. ఓట్జి అని పేరు పెట్టారు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. అన్నీ గీతలూ, అడ్డగీతలూ. గీతకీ గీతకీ మధ్య ఖాళీ ఉంది. మీ ఫోన్లో ఉన్న బొమ్మని ఇంటికెళ్ళి ఒకసారి ఈ కంటితో చూడండి. ఖాళీ ఎక్కడుంది, ఎంతుంది అని.

మసి నల్లగా ఉంటుంది కదా, పచ్చబొట్టు అని ఎందుకన్నారు అని ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను, ఎవరూ అడగలేదు. నేనే చెప్తాను. చర్మం కింద ఉన్న నలుపు మీద వెలుతురు పడి చెదిరి వెనక్కొచ్చేటప్పుడు నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పాతబడేకొద్దీ ఇంకా తెలుస్తుంది. మన ముందు తరాలవాళ్ళు పేరు పెట్టిందే మానిన పచ్చబొట్టుని చూసి. మనం ఎంచుకునేది నిన్న వేసిన టాటూ ఫోటో చూసి.

డిజైన్ కంటే ముందు చోటు తేల్చుకోండి. ఒకసారి అందరూ కుడిచెయ్యి చాపండి. అరచెయ్యి పైకి పెట్టి, ముంజేతి మధ్యలో నిలువుగా ఒక గీత ఉందనుకోండి. ఇప్పుడు అరచెయ్యి కిందకి తిప్పండి. గీత ఏమైంది? మెలి తిరిగింది. మోచేతి దగ్గర చర్మం ఉన్నచోటే ఉంది, మణికట్టు దగ్గర చర్మం తిరిగిపోయింది. చెయ్యి తిన్నగా పెట్టి వేయించుకున్న బాణం, మీరు బైక్ హ్యాండిల్ పట్టుకోగానే వంకర బాణం అవుతుంది. అందుకే స్టెన్సిల్, అంటే సూది పడకముందు చర్మం మీద అంటించే బొమ్మ అచ్చు, అంటించాక లేచి నిలబడి, చెయ్యి వేలాడేసి అద్దంలో చూసుకోవాలి. నచ్చకపోతే చెరిపించి మళ్ళీ అంటించమనండి. అది కాగితం మీది కార్బన్ మరక లాంటిదే, తుడిస్తే పోతుంది. మూడుసార్లు చెరిపించినా మొహమాటపడకండి. సూది పడ్డాక తుడవడానికి ఏమీ ఉండదు.

వేళ్ళ మీద, అరచేతి అంచున, పాదాల మీద వేసినవి త్వరగా వెలిసిపోతాయి. రాపిడి ఎక్కువ. దేవుడి బొమ్మ కాళ్ళ మీద వేయమని అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను వేయలేదు. ఇంటికెళ్ళాక వాళ్ళ అమ్మతో జరిగే గొడవలో నా పేరు ఎందుకని.

ఇక్కడ ఆర్మీకీ కేంద్ర బలగాలకీ ప్రిపేరవుతున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటికొకరు ఉంటారు కదా. మీరు జాగ్రత్తగా వినండి. కేంద్ర బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో టాటూ గురించి విడిగా ఒక పేరా ఉంటుంది. పేరు, మత చిహ్నం లాంటివి ఉండొచ్చు. చోటు మాత్రం ముంజేతి లోపలి వైపు, అదీ ఎడమ చేతికే. సెల్యూట్ కొట్టే చెయ్యి కుడిది కాబట్టి. లేదంటే అరచేతి వెనకవైపు. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకి తగ్గి ఉండాలి. మీరు రాసే పోస్టు నోటిఫికేషన్లో ఏముందో చదివాకే సూది దగ్గరికి రండి. కుడి ముంజేతి మీద పులి వేయించుకుని, మెడికల్‌కి ఇంకో రెండు నెలలుందనగా చెరిపించుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి చూశాను. లేజర్‌తో నలుపు బాగానే పోతుంది, పచ్చ, పసుపు మొండికేస్తాయి. ఏదైనా సరే, ఒక సిట్టింగ్‌కీ ఇంకో సిట్టింగ్‌కీ మధ్య వారాలు వారాలు ఆగాలి. రెండు నెలల్లో అయ్యే పని కాదు. ఆ అబ్బాయి నా ఎదురుగా కూర్చుని నోటిఫికేషన్ మొదటిసారి చదివాడు.

రంగు సంగతి. మీరు చూసే ఫోటోల్లో సగం తెల్లవాళ్ళ చేతులవి. మన ఒంటిరంగు ఇంకు మీద ఒక పొరలా ఉంటుంది. టీ గ్లాసులోంచి చూసినట్టన్నమాట. లేత గులాబీ, లేత పసుపు, తెలుపు ఆ పొర కింద కనిపించీ కనిపించకుండా పోతాయి. చామనచాయ మీద నలుపు మహా అందంగా ఉంటుంది. ఎరుపు కూడా పరవాలేదు. "మేడం, వాటర్ కలర్ స్టైల్" అని అడిగితే ముందు చిన్న చుక్క వేసి చూపిస్తాను, మానాక రమ్మంటాను. చాలామంది మళ్ళీ రారు. పరవాలేదు.

ఇంకోటి, ముక్కు, చెవులు కుట్టించుకున్నప్పుడు మీలో ఎవరికైనా ఆ చోట గట్టిగా గడ్డలా పెరిగిందా? దాన్ని కీలాయిడ్ అంటారు. మీకు గానీ, ఇంట్లో అమ్మకో అక్కకో గానీ అలా ఉంటే, స్కిన్ డాక్టర్ని అడగకుండా టాటూ జోలికి పోకండి. గీత ఉన్నంతమేరా గడ్డ కట్టే ప్రమాదం ఉంది. పుట్టుమచ్చ మీద కూడా వేయించుకోకూడదు. అది పెరిగినా, రంగు మారినా ఇంకు కింద తెలియదు.

ఇప్పుడు నాకిష్టమైన సంగతి. తెలుగు అక్షరాలు.

ఇంగ్లీషు అక్షరాలు వేయడం సులువు, ఎక్కువగా గీతలూ కర్రలే. మనవి గుండ్రాలు. గుండ్రం అంటే లోపల ఖాళీ. ఇంకు లావెక్కినప్పుడు మొదట పూడుకుపోయేది ఆ ఖాళీయే. ఠ లోపల చుక్క ఉంటుంది. ఆ చుక్క కలిసిపోతే ఠ కాస్తా ర. థ లో చుక్క పోతే ధ. మ కి తోక కలిసిపోతే వ లాగా అయిపోతుంది. నేనైతే గుణింతం ఉన్న అక్షరం సెంటీమీటరు ఎత్తుకి తక్కువ వేయను. కింద ఒత్తు ఉంటే ఒకటిన్నర కావాలంటాను. "మణికట్టు మీద సన్నగా, చిన్నగా, క్యూట్‌గా కావాలి" అంటారు ఆడపిల్లలు. బస్సులో ఎదుటి సీట్లో కూర్చున్నవాళ్ళు చదవగలగాలి అంటాను నేను. వాళ్ళు చదవడం ఇష్టం లేకపోతే అసలు రాయించుకోవడం ఎందుకు?

తర్వాత ఫాంట్. మన ఊళ్ళో ఆర్టిస్టులు చాలామంది డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్లో తెలుగు సరిగ్గా సెట్ అయ్యుండదు. మీరు ఫోన్లో లక్ష్మి అని చక్కగా టైప్ చేసి పంపిస్తారు. అక్కడ అది లక్‌ష్‌మి అని ముక్కలై కూర్చుంటుంది. ఆ ఆర్టిస్ట్ ఏ ఢిల్లీ నుంచో, మణిపూర్ నుంచో వచ్చినవాడైతే అతనికి అదీ ఒకటే, ఇదీ ఒకటే. బొమ్మని బొమ్మలాగా దించేస్తాడు. అతని తప్పేమీ లేదు. అందుకని టైప్ చేసి పంపకండి. చేత్తో రాసి తీసుకెళ్ళండి. మీ చేతిరాత బాగాలేకపోతే తాతయ్యతో రాయించండి, పాత తరం వాళ్ళవి ముత్యాల్లాంటి అక్షరాలు. స్టెన్సిల్ అంటించాక ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదవండి. పక్కన తెలుగు బాగా వచ్చిన మనిషి ఒకరుంటే మరీ మంచిది.

ఎందుకు ఇంత చెప్తున్నానంటే... (ఎడమ మణికట్టు చూపిస్తూ) ఇది నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు వేయించుకున్నది. అప్పటికి నేను ఈ పనిలోకి రాలేదు. స్వేచ్ఛ అని రాయించుకుందామనుకున్నాను. హాస్టల్ నుంచి బయటపడ్డ ఆనందం. ఫోన్లో నేనే టైప్ చేసి ఇచ్చాను, వాళ్ళు ఉన్నది ఉన్నట్టు దించారు. నెల తర్వాత మా ఊరెళ్తే, స్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు సంతలో కనపడ్డారు. నా చెయ్యి పట్టుకుని కళ్ళజోడు సర్దుకుని చూశారు. తిడతారేమో అనుకున్నాను, ఆడపిల్లవి, పచ్చబొట్లేంటి అని. ఆయన అడిగింది ఒక్కటే. "ఒత్తేదమ్మా?" అన్నారు. కింద ఉండాల్సింది ఛ ఒత్తు, నేను ఇచ్చింది చ ఒత్తు. స్వేచ్చ. తెలుగులో నాకు 92 మార్కులు వేసిన మనిషి ఆయన. (నవ్వులు)

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే డిజైన్లు పాడవడానికి అదీ ఒక కారణం. మా లైన్లో చాలామంది చదరపు అంగుళం లెక్కన తీసుకుంటారు. నాలుగంగుళాల బొమ్మని రెండంగుళాలకి కుదిస్తే ఖర్చు నాలుగో వంతుకి పడిపోతుంది, వైశాల్యం లెక్క మీకు తెలుసు కదా. కుర్రాళ్ళు అదే చేస్తారు. అదే శివుడు, అదే జడ, అదే గంగ, అదే చంద్రవంక, మొత్తం అగ్గిపెట్టెలో ఇరికించమంటారు. మూడేళ్ళకి అక్కడ శివుడూ ఉండడు, గంగా ఉండదు. డబ్బు తక్కువుంటే బొమ్మని కుదించకండి, బొమ్మలో సరుకు తగ్గించండి. త్రిశూలం ఒక్కటీ వేయించుకోండి.

పోర్ట్రెయిట్లకీ ఇదే గొడవ. పోయినేడు ఒకబ్బాయి వచ్చాడు. వాళ్ళ నాన్న పోయి మూడు నెలలు. పాస్‌పోర్టు ఫోటో, దాన్ని ఎవరో వాట్సాప్‌లో పంపితే వచ్చిన కాపీ ఉంది. మొహం మీద గళ్ళు గళ్ళు. రెండంగుళాల్లో వేయమన్నాడు. అంత చిన్నదాంట్లో కన్ను కందిపప్పు బద్దంత ఉంటుంది. ఒక్క గీత అటూ ఇటూ అయితే వేరే ఎవరి నాన్నో అయిపోతాడు. కాదన్నాను. పోర్ట్రెయిట్లు బాగా వేసే ఇంకొకతని నంబరిచ్చాను, అరచేతంత సైజు అవుతుంది, ఖర్చు అవుతుంది అని కూడా చెప్పాను. లేచి వెళ్ళబోతుంటే, ఊరికే అడిగాను, మీ నాన్నగారి చేతిరాత ఏమైనా ఉందా అని. మర్నాడు ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు పట్టుకొచ్చాడు. ఆరు చోట్ల నాన్న సంతకం. లెక్కల్లో మార్కులు తగ్గిన యూనిట్ టెస్టు దగ్గర సంతకం మిగతావాటికంటే గట్టిగా నొక్కి పెట్టి ఉంది, కాగితం వెనక్కి కూడా తేలింది. అదే కావాలన్నాడు. గీతలూ మధ్యలో ఖాళీలూ, చర్మానికి అంతకంటే మంచి డిజైన్ ఏముంటుంది? ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఇక ఆర్టిస్ట్‌ని ఎలా పట్టుకోవాలి? ఇన్‌స్టాలో అందరూ గొప్పవాళ్ళే. అప్పుడే వేసి, తుడిచి, లైటు పెట్టి తీసిన ఫోటోలవి. కొత్త పెళ్ళికూతురి ఫోటో చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పగలమా? "ఏడాది దాటిన పని చూపించండి" అని అడగండి. మానిన టాటూల ఫోటోలు ఒక నాలుగైనా చూపించలేకపోతే, పాత కస్టమర్లు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదన్నమాట. ఉన్న ఫోటోల్లో మీకు కావల్సిన రకం పని ఉందా అన్నది చూడండి. నీడలు బాగా వేసేవాడు అక్షరాలు బాగా వేస్తాడని లేదు. నాకు మొహాలు అంతంతమాత్రం, అందుకే పంపించేస్తాను. అడిగిన ప్రతిదానికీ "అయిపోద్ది బ్రో" అనేవాడి దగ్గర కాస్త ఆలోచించండి.

ముందు రోజు ఊరికే ఒకసారి వెళ్ళి కూర్చోండి. వేరేవాళ్ళకి వేస్తుంటే చూడండి. సూది ప్యాకెట్ కస్టమర్ కళ్ళముందు చింపాడా? ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చదివి చూపించాడా? ఇంకు సీసాలో సూది ముంచకూడదు. చిన్న చిన్న మూతల్లో పోసుకోవాలి, మిగిలింది పారబోయాలి. మళ్ళీ సీసాలో పోస్తే ఇంతకుముందు మనిషి రక్తం మీకొస్తుంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ వచ్చే దారి అదే. జాతరలో బల్ల వేసుకుని, ఒకే సూది, ఒకే మూత ఇంకు పెట్టుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పొడిచేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దనేది ఇందుకే. మా నాయనమ్మ కాలంలోనూ ఈ ప్రమాదం ఉంది. తేలు నిలబడింది గానీ, ఆ సూదులు ఆవిడకి ముందు ఎంతమందిని పొడిచాయో ఎవరికి తెలుసు. ఆ విషయంలో మాత్రం నేను పాతకాలాన్ని పొగడను.

నేను చూసే గుర్తు ఇంకోటుంది. గ్లవ్స్ వేసుకుని పని చేస్తుంటాడు, ఫోన్ మోగుతుంది. గ్లవ్స్‌తోనే ఫోన్ ఎత్తి, మాట్లాడి, మళ్ళీ అదే చేత్తో మీ చర్మం పట్టుకున్నాడా? లేచి వచ్చేయండి. అడ్వాన్స్ పోతే పోనీండి. పద్ధెనిమిది నిండాయా అని అడగనివాడు, షుగర్ ఉందా, ఏమైనా మందులు వాడుతున్నావా అని అడగనివాడు మిగతా విషయాల్లోనూ అంతే.

వేయించుకున్నాక రెండు మూడు వారాలు బీచ్‌కెళ్ళి నీళ్ళలో దిగొద్దు. విశాఖలో ఉండి ఇది పాటించడం కష్టమని తెలుసు. పక్కు కడుతుంది, దురద పెడుతుంది, గోకకండి. ఎర్రబడటం తగ్గకుండా పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా నాకు ఫోటో పంపి అడగడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: నొప్పి ఎంతుంటుంది మేడం?)

ముంజేతి బయటి వైపు, భుజం మీద, ఎండలో కాలినచోట గోరుతో గీస్తున్నట్టుంటుంది. పక్కటెముకల మీద, మోచేతి మడతలో, పాదం మీద మాత్రం దేవుళ్ళందరూ గుర్తొస్తారు. ఏమీ తినకుండా రావద్దు, కళ్ళు తిరుగుతాయి. పెద్ద పెద్ద కండలున్నవాళ్ళే ఎక్కువ పడిపోతుంటారు నా దగ్గర.

(ఒక విద్యార్థిని: లవర్ పేరు వేయించుకోవచ్చా?)

నాకు రెండు బేరాలు. ఒకటి వేసేటప్పుడు, ఇంకోటి దాని మీద పువ్వు వేసి కప్పేటప్పుడు. మొదటిదాని కంటే రెండోదానికే ఎక్కువ తీసుకుంటాను. (నవ్వులు)

(ఒక విద్యార్థి: మీ చేతి మీద స్వేచ్చ ఇంకా అలాగే ఉందా మేడం?)

లేదు. తొమ్మిదేళ్ళు అలాగే ఉంచాను, పోయిన సంక్రాంతికి దిద్దుకున్నాను. నేనే వేసుకున్నాను, ఎడమచేతి మీద కుడిచేత్తో. అక్కడ ఖాళీ రెండు మిల్లీమీటర్లుందంతే, ఊపిరి బిగబట్టి ఒక్క గీత గీశాను. ముందుకొచ్చి చూస్తే తెలుస్తుంది, పదమంతా నీలానికి తిరిగింది, ఒత్తుకి కలిపిన ఆ గీత ఒక్కటీ నల్లగా ఉంది. ఫోటో తీసి మాస్టారికి పంపాను. సాయంత్రం దాకా చూసుకోలేదు ఆయన. తర్వాత జవాబు పెట్టారు, "ఒత్తు కాస్త పెద్దదయింది" అని.